పచ్చ జెండా ఏ రంగు

మా ఇంటి పై పోర్షన్‌లో ఆదివారం సాయంత్రాలు కార్లు తిరుగుతాయి. కింద వరండాలో కూర్చుంటే ముందు సన్నగా, ఎక్కడో కందిరీగల తుట్టె కదిలినట్టు వినబడుతుంది. తర్వాత ఎవరో కుర్చీ వెనక్కి నెడతారు. ఎవరో "పాయె, పాయె" అంటారు. ఆపైన గది మొత్తం ఒక్కసారిగా అరుస్తుంది. నా భార్య లీలమ్మ పోయాక ఈ ఇంట్లో నలుగురు కలిసి చేసిన మొదటి చప్పుడు అదే. మొదటిసారి విన్నరోజు టీ గ్లాసు పట్టుకుని మెట్ల కింద చాలాసేపు నిలబడిపోయాను. అభ్యంతరం చెప్పడానికి కాదు. ఇల్లు మళ్లీ ఇల్లులా వినబడుతోందని.

సంగారెడ్డి డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పి, రిటైరయ్యే ముందు పటేల్‌గూడలో ఈ ఇల్లు కట్టుకున్నాం. పైన అద్దెకుండే అమ్మాయి హరిచందన. వాళ్లది భీమవరం వైపు. తండ్రి ఇక్కడి పెద్ద ప్లాంటులో పనిచేసి, ఉద్యోగం అయిపోగానే సొంతూరు వెళ్లిపోయాడు. పుట్టి పెరిగిన చోటు వదలనని ఈ పిల్ల ఇక్కడే ఉండిపోయింది. సుల్తాన్‌పూర్‌లో వైద్య పరికరాలు తయారుచేసే కంపెనీలో నాణ్యత తనిఖీ చేసే ఉద్యోగం. చేరిన కొత్తలోనే వచ్చి, ఆదివారాలు స్నేహితులు వస్తారని, గోడ మీద తెర వేసి కార్ల రేసు చూస్తామని, చూస్తూ అరుస్తామని చెప్పింది. అరుస్తామని ముందే చెప్పినందుకు ఒప్పుకున్నాను.

వచ్చేవాళ్లలో నాకు బాగా తెలిసినవాడు ఎబెనేజర్. మా చర్చి అబ్బాయే. గడ్డపోతారంలో మందుల కంపెనీలో షిఫ్టులు చేస్తాడు. మిగతావాళ్లలో పటాన్‌చెరు ఆసుపత్రి నర్సు ఒకామె, ఇద్దరు ఫిట్టర్లు, చంటిబిడ్డను భుజాన వేసుకుని వచ్చే ఒక జంట. ప్రపంచంలో ఏ మూల ఏ మలుపులో ఏ కారు జారుతుందో చెప్పగల ఎబెనేజర్‌కు సొంత బండి లేదు. కంపెనీ బస్సులో పోయి కంపెనీ బస్సులో వస్తాడు. హరిచందనకు స్కూటీ ఉంది. దాన్ని కూరగాయల ఆటో దాటిపోవడం నేను కళ్లారా చూశాను.

కాలనీకి ఇవేవీ తెలియవు. కాలనీకి తెలిసిందల్లా రింగు రోడ్డు పక్కనున్న సర్వీసు రోడ్డు. సెలవు రోజుల్లో అక్కడ సైలెన్సర్లు పీకేసిన బైకుల మీద కుర్రాళ్లు పందేలు వేసుకుంటారు. మాకు పాలు పోసే ముత్యమ్మను ఓ పొద్దున అలాంటి బండి ఒకటి గుద్దేసి, ఆగకుండా పోయింది. చెయ్యి విరిగింది. కాలనీకి కోపం వచ్చింది. రావలసిన కోపమే. కానీ గుద్దినవాడు దొరకలేదు. వాడి మీది కోపం దొరికినవాళ్ల మీదకు తిరిగింది.

గేటు దగ్గర హెల్మెట్ పెట్టుకున్న ప్రతి కుర్రాడినీ ఆపి పేరూ ఊరూ అడగడం మొదలైంది. పెళ్లికానివాళ్లకు గదులు ఇవ్వొద్దని ఇళ్ల ఓనర్లు ఒక మాట అనుకున్నారు. ఎబెనేజర్ టీషర్టు మీద ఏదో రేసు టీము గుర్తు చూసి ఒక కానిస్టేబుల్ ఆపాడు. బండి ఎక్కడ దాచావని అడిగాడు. లేదంటే నమ్మలేదు. రేసు టీషర్టు వేసుకుని బస్సులో ఎట్ల పోతావని, అదీ ఒక నేరమే అయినట్టు మందలించి పంపాడు. ఎబెనేజర్ ఆ సంగతి చెప్పి మా అందర్నీ నవ్వించాడు గానీ, ఆ టీషర్టు మళ్లీ బయటికి తియ్యలేదు. ఫిట్టర్లలో ఒకతను రావడం మానేశాడు. రేసు చూడటానికి పోయేటట్టయితే గది ఖాళీ చెయ్యమని ఓనరు చెప్పాడట.

దీనికి తోడు ఒక మాట చిక్కు పెట్టింది. మా కాలనీలో సగం మంది కోస్తా నుంచి ప్లాంటు ఉద్యోగాలకు వచ్చి స్థిరపడినవాళ్లు. వాళ్లలో పెద్దవాళ్లకు రేసులంటే కార్లు కావు, గుర్రాలు. ఫలానా ఆయన రేసులకు వెళ్తాడు అన్నారంటే, ఆ ఇంట్లో ఇక మిగిలిందేమీ లేదని అర్థం. మా పైన రేసులు నడుస్తున్నాయని విని కాలనీ సంఘం అధ్యక్షుడు నరసరాజు గారి భార్య బుల్లెమ్మ గారు ఒక ఆదివారం నేరుగా మెట్లెక్కి వెళ్లింది. కొంగు బిగించి వెళ్లిన మనిషి గుమ్మంలో ఆగి, తెర వంక కాసేపు చూసి, "గుర్రాలేవే?" అని అడిగింది.

హరిచందన ఆమెను చిన్నప్పటి నుంచి పిన్నిగారూ అని పిలుస్తుంది. గుర్రాలూ లేవు, పందేలూ లేవని చెప్పి, కూర్చోబెట్టి, కారు ఆగీ ఆగకముందే మనుషులు మూగి చక్రాలు మార్చెయ్యడం చూపించింది. బుల్లెమ్మ గారు బుగ్గన చెయ్యి పెట్టుకుని, "మా ఆయన గ్యాసు బండ మార్చడానికి పూటంతా పడతాడు" అంది. ఆ తర్వాతి వారం ఎవరూ పిలవకుండానే వచ్చింది. కొంగు చాటున జంతికల డబ్బా ఉంది. ఇంట్లో భజనకు వెళ్తున్నానని చెప్పి వచ్చిందట.

ఆయన్ని తప్పు పట్టొద్దని ఆమే నాతో ఒకసారి నెమ్మదిగా చెప్పింది. నరసరాజు గారి తండ్రి మద్రాసు రేసుల మోజులో ఉన్న పొలమంతా పోగొట్టాడు. ఈయన కాలేజీ మానేసి, ఊరుకాని ఊరొచ్చి, ప్లాంటులో హెల్పరుగా చేరి ఫోర్‌మన్ దాకా ఎదిగాడు. రేసులన్న మాట చెవిన పడితే చాలు, ఆయనకు ఇప్పటికీ అన్నం సహించదు.

ఆ నరసరాజు గారు ఒక సాయంత్రం మా ఇంటికి వచ్చారు. వరండాలో కూర్చుని టీ తాగి, నా షుగరు ఎలా ఉందని అడిగి, గ్లాసు కింద పెట్టాక అసలు విషయం చెప్పారు.

"మాస్టారూ, మా ప్లాంటు సత్యనారాయణ కూతురు హరిచందన మాకు పరాయిది కాదు. అయినా కాలనీలో రేసుల గది ఉండటానికి వీల్లేదు. మీరే మంచిమాటగా ఖాళీ చేయించండి. లేదంటే వచ్చే మీటింగులో తీర్మానం పెట్టాల్సొస్తుంది. దాన్లో మీ పేరు ఎక్కడం నాకిష్టం లేదు."

ఒక్కసారి పైకి వచ్చి చూడమన్నాను. చూడక్కర్లేదన్నారు. చిన్నప్పుడే చాలినంత చూశానన్నారు.

హరిచందనకు చెబితే, నాకు మాట రావడం తనకు ఇష్టం లేదని, ఇంకో చోటు వెతుక్కుంటానని వెంటనే అంది. పటేల్‌గూడలో గానీ అమీన్‌పూర్‌లో గానీ వాళ్లకు చోటు దొరకదని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు. ఆదివారం పొద్దున నాకు చర్చి ఉంది. పైన గది మూతపడితే ఆదివారం సాయంత్రం నాకు ఏముంటుంది? తొందరపడవద్దని, మీటింగు దాకా ఆగమని ఆమెను బతిమాలాను.

ఆ మీటింగుకు ముందే నవంబరులో మా కోత పండుగ వచ్చింది. పంటలో మొదటి భాగం, అంటే బియ్యం, గుమ్మడికాయలు, కోళ్లు, ఎవరికి ఏది ఉంటే అది, ట్రాక్టర్ల మీద పెట్టుకుని, పాటలు పాడుకుంటూ చర్చి నుంచి అవతలి మైదానానికి ఊరేగింపుగా వెళ్తాం. మధ్యలో సుల్తాన్‌పూర్ రోడ్డు దాటాలి. దానికి ఆదివారమనేది లేదు. కంపెనీ బస్సులు, ట్యాంకర్లు, డ్రమ్ములు వేసుకున్న లారీలు. ఏటా పోలీసులు నిలబడి మమ్మల్ని దాటించేవారు. ఈసారి ఎవరో మంత్రి పర్యటన ఉందని, మనుషుల్ని ఇవ్వలేమన్నారు. మా పాస్టరు అయ్యగారు దిగులుగా, ఈ ఏడు ఊరేగింపు మానుకుని లోపలే పాడుకుందామా అని కమిటీని అడిగారు.

అప్పుడు నేను నోరు తెరిచాను. నగరంలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున కరెంటు కార్ల రేసు జరిగిన ఏడు హరిచందన, ఎబెనేజర్ శిక్షణ తీసుకుని, దారి పక్కన జెండాలు పట్టుకుని నిలబడ్డారు. రేసులో డ్రైవరుకు ఎవరి కేకా వినబడదు, జెండాయే మాట. ముందు అడ్డం ఉంది నెమ్మది అని పసుపు రంగు. దారి ఖాళీ, పొమ్మని ఆకుపచ్చ. వెనక తొందరలో వచ్చేవాడికి దారి ఇవ్వమని నీలం. అన్నీ ఆగిపొమ్మని ఎరుపు. మన రోడ్డు దాటించడానికి వీళ్లకంటే తగినవాళ్లు ఎవరున్నారని అడిగాను. కమిటీ సరేనంది. కానీ మైదానం దారి కాలనీ సంఘం చేతిలో ఉంది. కాబట్టి అందరం నరసరాజు గారి దగ్గరకు వెళ్లాం.

ఆయన ముందు ససేమిరా అన్నారు. అయ్యగారు రెండోసారి అడిగాక కాస్త మెత్తబడ్డారు.

"సరే. కానీ ఆ రేసు టోపీలు, రేసు చొక్కాలు, రేసు ఇంగ్లీషు నా రోడ్డు మీద వద్దు. జెండాలు పట్టుకుంటే పట్టుకోండి. మాట్లాడేది మాత్రం నలుగురికీ తెలిసే తెలుగు. ఒక్క బండికి గీత పడిందో, మీటింగు దాకా ఆగేది లేదు, ఆ గది ఆ పూటే ఖాళీ."

"అలాగే బాబాయ్ గారూ" అంది హరిచందన.

పండుగకు ముందురోజు మధ్యాహ్నం ఒకసారి చేసి చూశాం. దాటే చోట హరిచందన నిలబడింది. సుల్తాన్‌పూర్ వైపు మలుపులో ఎబెనేజర్. అక్కడి నుంచి అతనికి దాటే చోటు కనబడదు. అందుకని ఒకే ఫోన్ కాల్‌లో అందరూ ఉన్నారు, ట్రాక్టరు నడిపే సంగప్పతో సహా. నరసరాజు గారు గొడుగు వేసుకుని కల్వర్టు మీద నిలబడి చూస్తున్నారు.

సంగప్ప ట్రాక్టరు రోడ్డు మధ్యకు వచ్చి దగ్గి ఆగిపోయింది. హరిచందన ఫోన్లో, "ఎబీ, పచ్చ! పచ్చ ఎత్తు!" అంది. మలుపులో ఎబెనేజర్ రెండు చేతులతో ఆకుపచ్చ జెండా ఎత్తాడు. అతను అంతవరకూ చెయ్యి అడ్డం పెట్టి ఆపిన కంపెనీ బస్సు బయల్దేరింది. మలుపు తిరిగేసరికి ఎదురుగా ట్రాక్టరు. డ్రైవరు బ్రేకు మీద నిలబడ్డాడు. టైర్లు కీచుమని, దుమ్ము లేచి, దుమ్ము దిగాక చూస్తే బస్సుకూ ట్రాక్టరుకూ మధ్య ఒక మనిషి పక్కకు తిరిగి పట్టేంత చోటు మిగిలింది. బీహారు డ్రైవరు కిందికి దిగి, పొమ్మని జెండా చూపించి చంపుతారా అని తన భాషలో అడిగాడు. ఇంకా చాలా అన్నాడు, అవి రాయను.

ఎబెనేజర్ పరుగెత్తుకుంటూ వచ్చాడు.

"పచ్చ ఎత్తమంటే ఆకుపచ్చ ఎత్తావేంటి?" అంది హరిచందన.

"పచ్చ అంటే పచ్చనే ఎత్తిన గదక్కా. గీ చెట్టు లెక్క."

"పచ్చ అంటే పసుపు పచ్చ!"

"గట్లయితే పసుపు అనాలె. పచ్చ అంటే పచ్చనే."

సంగప్ప ట్రాక్టరు మీద నుంచే తీర్పు చెప్పాడు. "పొలం పచ్చగున్నదంటం. ఏ పొలమన్న పసుపు రంగుంటదా?"

అంతసేపూ కదలకుండా నిలబడ్డ నరసరాజు గారు గొడుగు దించారు. "గుడ్డులో పచ్చసొన ఆకుపచ్చగా ఉంటుందటయ్యా?" అన్నారు.

అందరం ఆయన వంక చూశాం. అన్నందుకు ఆయనే ఆశ్చర్యపోయినట్టు కనిపించారు. సంగప్ప కాసేపు ఆలోచించి, సొన ముచ్చట వేరే అన్నాడు. వేరే ఎలా అవుతుందని నరసరాజు గారు కల్వర్టు దిగి వచ్చారు. పచ్చకామెర్లు ఒకరు ఎత్తారు, పచ్చగడ్డి ఇంకొకరు ఎత్తారు. బస్సు కిటికీల్లోంచి కూడా ఓట్లు పడ్డాయి. శ్రీకాకుళం వాళ్లు పసుపన్నారు, జహీరాబాద్ వాళ్లు చెట్టన్నారు. చివరికి అందరూ నా వైపు తిరిగారు. నేను చెప్పింది రసాయనశాస్త్రమే గానీ తెలుగు కాదని తప్పుకోబోయాను, వదల్లేదు. రెండూ పచ్చే, రెండూ సరైనవే, అదే ప్రమాదం అన్నాను.

ఎప్పటిలాగా ఎల్లో, గ్రీన్ అనుకుంటామని ఎబెనేజర్ సన్నగా గొణిగాడు. రేసు ఇంగ్లీషు వద్దన్న నరసరాజు గారు గొంతు సవరించుకుని, ఆ రెండు మాటలకూ పర్వాలేదన్నారు. సంగప్ప ఇంజను స్టార్ట్ చేశాడు. హరిచందన దూరం వెళ్లి ఫోన్లో "ఎల్లో" అంది.

"హలో, ఆఁ, చెప్పు బిడ్డా" అన్నాడు సంగప్ప.

మళ్లీ "ఎల్లో" అంది. మళ్లీ, "హలో, ఇనవడుతున్నది, చెప్పు" అన్నాడు. బీహారు డ్రైవరు కూడా నవ్వాడు. ఆకుపచ్చను పొట్టిగా 'ఆకు' అందామంటే అది ఇంజను మోతలో 'ఆగు' అని వినబడింది. పొమ్మనే మాట ఆగమన్నట్టయితే ఇక చెప్పేదేముంది.

మజ్జిగ క్యాను పట్టుకుని ఎప్పుడు వచ్చిందో గానీ బుల్లెమ్మ గారు అందుకుంది. "చీరల కొట్టుకెళ్తే మాకెప్పుడైనా ఒక రంగు అడిగితే ఇంకో రంగు తీశారా? పసుపు, చిలక అనుకోండి. చిలకపచ్చలో పచ్చ పీకేస్తే పోలా."

చేసి చూశారు. మోతలోనూ పసుపు పసుపులాగే, చిలక చిలకలాగే వినబడ్డాయి. బస్సులోవాళ్లు పొమ్మనే జెండా లేవగానే 'చిలకా చిలకా' అని అరుచుకుంటూ వెళ్లారు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ హరిచందన మాత్రం నవ్వలేదు. నరసరాజు గారి వంక చూస్తూ నిలబడింది. గది పోయినట్టే అని నేనూ అనుకున్నాను. బస్సు కదలకముందే ఆయన వంగి దాని బంపరు చూశారు. చుట్టూ తిరిగి ట్రాక్టరు ముందుభాగం చూశారు. చేతులు దులుపుకుని, "గీత పడలేదు" అన్నారు. ఎవరూ అడగలేదు. చెప్పి గొడుగు తీసుకుని వెళ్లిపోయారు.

పండుగ రోజు ఆరాధన ముగియబోయే ముందు నేను లేచి జెండాల సంగతి ప్రకటించాను. నీలం కనబడితే ఎవరికి ఏ అంచు దగ్గరైతే ఆ అంచుకు జరగాలి, పాట మాత్రం ఆపక్కర్లేదు అన్నాను. బయటికి వచ్చేసరికి ఒక చిక్కు ఎదురైంది. కాలనీ సందు మొదట్లో నిలబడాల్సిన రెండో ఫిట్టరును కంపెనీవాళ్లు ఓవర్‌టైముకు ఆపేశారు. ఒక మనిషి తక్కువ. సందులోంచి బైకులు, ఆటోలు నేరుగా జనం మీదకు వస్తాయి. బుల్లెమ్మ గారు పసుపు జెండా తీసుకుని, చూడటానికి వచ్చిన భర్త చేతిలో పెట్టింది. ఎలా పట్టుకోవాలో, ఎంత ఎత్తు ఎత్తాలో చెప్పింది.

"ఇవన్నీ నీకెలా తెలుసు?" అన్నారాయన.

"భజనలో చెప్పారు."

ఆయన జెండా పట్టుకుని ఊరేగింపు చూస్తూ నిలబడ్డారు. హరిచందన దూరం నుంచే కేక వేసింది. "బాబాయ్ గారూ, వచ్చే బండికి వీపు చూపించకూడదు!" ఆయన వెంటనే సందు వైపు తిరిగారు. ప్లాంటులో మనిషి కదా, భద్రత గురించి ఎవరు చెప్పినా వింటారు.

ఊరేగింపు కదిలింది. మలుపులో ఎబెనేజర్ పసుపు ఎత్తాడు. బస్సులు ఒకదాని వెనక ఒకటి నెమ్మదించి ఆగాయి. మొదటి ట్రాక్టరు దాటింది. డప్పులు దాటాయి. తెల్లచీరల్లో గాయక బృందం రోడ్డు మధ్యకు వచ్చింది. వాళ్ల వెనక గుమ్మడికాయలు, కోళ్లతో సంగప్ప ట్రాక్టరు. రోడ్డు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా మనుషులే. అప్పుడు మలుపు అవతల సైరను మోగింది.

ఫోన్లో ఎబెనేజర్ గొంతు అందరికీ వినబడింది. "అక్కా, నీలం! అంబులెన్స్. బస్సుల ఎనక ఉన్నది. బస్సులను నేను జరుపుత, నువ్వు జనాన్ని జరుపు."

హరిచందన నీలం జెండా తలపైకి ఎత్తి ఊపింది. ఒక్క క్షణం ఎవరూ కదల్లేదు. ముందు వరుసలో ఉన్న ముసలాయన ఒకాయన నీలం జెండా చూడగానే పిడికిలెత్తి "జై భీమ్" అన్నాడు. అన్నవాడు దగ్గరి అంచుకు జరిగాడు. నా ప్రకటన గుర్తుండో, జెండా మీది గౌరవంతోనో నాకు తెలియదు. ఆయన వెనక వరుస జరిగింది, దాని వెనక ఇంకొకటి. గాయక బృందం పాడుతూ పాడుతూనే రెండుగా చీలింది. సంగప్ప ట్రాక్టరును అంచు దించి మట్టిలోకి తీసుకెళ్లాడు. ఒక గుమ్మడికాయ దొర్లి రోడ్డు మధ్యలో పడితే బుల్లెమ్మ గారు పసిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పక్కకు వచ్చింది. సందు మొదట్లో నరసరాజు గారు హారన్లు కొడుతున్న ఆటోల ముందు జెండా ఎత్తి పట్టుకుని నిలబడ్డారు. ఆటోవాళ్లు ఏమేమో అంటున్నారు. ఆయన జెండా దించలేదు, వీపు చూపించలేదు.

మలుపులోంచి అంబులెన్స్ వచ్చింది. దారి బారుగా తెరుచుకుని ఉంది. రెండు వైపులా పాట ఉంది. కిటికీలోంచి సెలైను బాటిల్ ఎత్తి పట్టుకున్న ఒక చెయ్యి కనబడింది. డ్రైవరు వేగం తగ్గించలేదు, తగ్గించాల్సిన అవసరం రాలేదు. అది పటాన్‌చెరు వైపు కనుమరుగయ్యేదాకా చూసి, హరిచందన ఊపిరి పీల్చుకుని, "చిలక!" అని గట్టిగా అరిచింది. ముందు జనం దాటాలి కదా అని ఎవరో గుర్తు చేశారు. నవ్వేసి, పసుపని దిద్దుకుంది. రెండు పాయలుగా ఉన్న మేము మళ్లీ ఒకటై రోడ్డు దాటాం. ఆఖరి మనిషి దాటాకే చిలక లేచింది. ముందున్న బస్సులో నిన్నటి డ్రైవరే ఉన్నాడు. పోతూ పోతూ చెయ్యి బయటపెట్టి ఎబెనేజర్ అరచేతిని తట్టి వెళ్లాడు.

అంబులెన్స్‌లో ఉన్నది సుల్తాన్‌పూర్ మనిషని, గుండెనొప్పని, వేళకు చేరాడని మా పై గదికి వచ్చే నర్సు సాయంత్రం ఫోన్ చేసి చెప్పింది. ఆమె ఆ రోజు డ్యూటీలో ఉంది. అతని పేరు ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఆ వారంలోనే కాలనీ మీటింగు జరిగింది. హాలు నిండింది. హరిచందన, ఎబెనేజర్ చివరి వరుసలో గోడకు ఆనుకుని నిలబడ్డారు. కుర్చీలున్నా కూర్చోలేదు. సుందర్‌రాజు మాస్టారి ఇంటి పై గది విషయం అని కార్యదర్శి నా పేరుతో సహా చదవగానే నేను లేవబోయాను. నరసరాజు గారు చెయ్యి ఎత్తి ఆపారు.

"ఆ విషయం పెట్టింది నేను. తీసేస్తున్నదీ నేనే."

హాలు గుసగుసలాడింది. మరి ముత్యమ్మ చెయ్యి సంగతేంటని వెనక నుంచి ఒకాయన అడిగాడు. న్యాయమైన ప్రశ్న. నరసరాజు గారు దానికి ఆలస్యం చెయ్యలేదు.

"ముత్యమ్మను గుద్దినవాణ్ణి పట్టుకోమని స్టేషనుకు రేపు నేనే వెళ్తాను. ఈ పిల్లల్ని వెంట తీసుకెళ్తాను. సర్వీసు రోడ్డు మీద ఏ చోట ఏం పెడితే ఆ బళ్లు ఆగుతాయో వీళ్లకు తెలుసు. వాళ్లూ వీళ్లూ ఒకటి కాదు. నేను ఒకటే అనుకున్నాను. మా నాన్న రేసులు నాకు తెలుసు గనక అన్నీ తెలుసనుకున్నాను." ఆయన ఫిట్టరును ఖాళీ చెయ్యమన్న ఓనరు వైపు చూశారు. "ఆ అబ్బాయిని ఖాళీ చేయించక్కర్లేదు."

ఆ ఓనరు తల ఊపాడు. ఎవరో చప్పట్లు మొదలుపెట్టారు. హాలంతా అందుకుంది. ఎబెనేజర్ ఎటు చూడాలో తెలియక చెప్పుల వంక చూసుకున్నాడు.

చప్పట్లు తగ్గాక నరసరాజు గారు, ఇకనుంచి ఆదివారాలు రేసు ఈ హాల్లోనే వేసుకోండి, ఇంత హాలుండగా మేడమీద గదిలో ఇరుక్కోవడమెందుకు అన్నారు. మంచి మనసుతో అన్న మాట. నేనూ చప్పట్లు కొట్టాను. కొడుతూనే, మెట్ల మీద అడుగుల చప్పుడు లేని ఆదివారం ఎలా ఉంటుందో లెక్క వేసుకున్నాను. గెలిచినవాళ్లు పెద్ద చోటుకు వెళ్తారు. దానికి బాధపడకూడదు అనుకున్నాను.

హరిచందన గోడ వదిలి ముందుకు వచ్చింది. నా వైపు చూడలేదు.

"పెద్ద రేసులు హాల్లో పెడదాం బాబాయ్ గారూ, అందరూ రావాలి. మిగతావి మాస్టారి ఇంట్లోనే. అక్కడైతేనే మాకు అరుపు బాగా వస్తుంది."

నరసరాజు గారు ఒకసారి ఆమెను, ఒకసారి నన్ను చూశారు. "సరే, మీ ఇష్టం" అన్నారు. నేను కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాను. దుమ్మేమీ లేదు.

ఆ ఆదివారం మెట్ల మీద చెప్పులు పట్టక వీధిలోకి వచ్చాయి. ఫిట్టర్లు ఇద్దరూ వచ్చారు. సంగప్ప ట్రాక్టరు కింద ఆపి పైకి వచ్చి, ఇన్ని కార్లు ఒకేసారి పోతుంటే జెండా ఎవరు చూస్తరని ఎబెనేజర్‌ను నిలదీశాడు. బుల్లెమ్మ గారు ఈసారి జంతికల డబ్బా కొంగు చాటున దాచుకోలేదు. ఆమె పక్కన కుర్చీ అంచున కూర్చున్న నరసరాజు గారు, మన కారు ఏ రంగని హరిచందనను అడిగారు. ఎవరి మనసుకు నచ్చింది వారిదే, మీరే ఎంచుకోండి అంది. ఆయన చాలాసేపు తెరను పరిశీలించి, అన్నిటికంటే వెనక నిలబడ్డ ఒక కారును ఎంచుకున్నారు. పాపం దానికి ఎవరూ లేనట్టున్నారన్నారు.

తెర మీద రేసు మొదలయ్యే ఎర్ర దీపాలు ఆరి కార్లు కదలగానే గది అరిచింది. కింద వంటింట్లో టీ కాస్తున్న నాకు గిన్నె మూత అదిరినట్టనిపించింది. కాసేపటికి మళ్లీ అరిచింది. ఈసారి అన్నిటికంటే గట్టిగా వినబడింది నరసరాజు గారి గొంతు. వెనక కారు ఎవరినో దాటినట్టుంది.

టీ పొయ్యబోతే గ్లాసులు చాల్లేదు. పక్కింటి తలుపు తట్టి అడిగాను. గ్లాసులతో పాటు వాళ్లూ వచ్చారు.